లోకసీమ – కరువుసీమ: గుమ్మఘట్ట ప్రాంతపు వాడుకలో అతిశయోక్తి, స్వభావోక్తుల సరిహద్దు

ఉపోద్ఘాతం

“మా పొలంలో బంగారం పండింది.” ఉన్నత పాఠశాలలో అతిశయోక్తిని బోధించేటప్పుడు తరచుగా వినిపించే ఉదాహరణ ఇది. పొలంలో పంట పండుతుంది గానీ బంగారం పండదు, కనుక ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పారు, కనుక అతిశయోక్తి అని విద్యార్థి సమాధానం రాస్తాడు. మార్కులూ వస్తాయి. అయితే అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వంటి మెట్టప్రాంతంలో, ఇంట్లోని నగ కుదువపెట్టి ఆ డబ్బుతో వేరుశనగ విత్తనం కొన్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఈ వాక్యాన్ని చదివితే ఏమి జరుగుతుంది? ఆ ఇంటి బంగారం నిజంగానే పొలంలో పడింది. పంట పండితేనే అది తిరిగి ఇంటికి వస్తుంది. ఆ విద్యార్థికి ఈ వాక్యంలో “ఎక్కువ చేసి చెప్పడం” ఎక్కడ ఉందో గుర్తించడం సులభం కాదు.

ఈ చిన్న ఇబ్బంది నుంచే ఈ వ్యాసం పుట్టింది. అలంకారాన్ని వాక్యం ఆకారాన్ని బట్టి గుర్తించడం మన బోధనలో స్థిరపడిన పద్ధతి. “వలె” ఉంటే ఉపమ, “కాబోలు” ఉంటే ఉత్ప్రేక్ష, నమ్మశక్యం కాకపోతే అతిశయోక్తి. ఈ పద్ధతి ప్రారంభ దశలో ఉపయోగపడుతుందనడంలో సందేహం లేదు. కానీ కరువు ప్రాంతపు వాడుకకూ, ఆ ప్రాంత సాహిత్యానికీ ఇదే కొలతను వర్తింపజేసినప్పుడు సత్యాన్ని అతిశయమని, అతిశయాన్ని సత్యమని పొరపడే ప్రమాదం ఉంది. అతిశయోక్తికీ స్వభావోక్తికీ మధ్య ఉన్న గీత వాక్యంలో మాత్రమే లేదని, ఆ వాక్యాన్ని పలికే లోకంలో కూడా ఉందని, ఈ విషయానికి ప్రాచీన లక్షణకారుల నిర్వచనాల్లోనే ఆధారం ఉందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఇందులోని ఉదాహరణ వాక్యాలు, ప్రసిద్ధమైన సామెతలూ పైన పేర్కొన్న పాఠశాల ఉదాహరణా తప్ప, మిగిలినవన్నీ ఈ ప్రాంతపు వాడుక తీరును అనుసరించి వ్యాసకర్త కూర్చినవి. కావ్యాల నుంచి ఉదాహరణలు స్వీకరించకపోవడం ఉద్దేశపూర్వకమే. అలంకారం కావ్యంలోకి ప్రవేశించకముందు మాటలో ఎలా ఉంటుందో చూడడం ఇక్కడి ప్రయత్నం.

లోకసీమ అంటే ఎవరి లోకం?

అతిశయోక్తిని నిర్వచిస్తూ భామహుడు లోకాతిక్రాంతమైన విషయాన్ని ఒక నిమిత్తంతో చెప్పడమని అన్నాడు. దండి ఇంకొంచెం స్పష్టంగా, ఒక విశేషాన్ని లోకసీమను దాటించి చెప్పదలచడమే అతిశయోక్తి అని వివరించాడు. ఇద్దరి నిర్వచనాల్లోనూ “లోక” శబ్దం ఉంది. అతిశయం అనేది వస్తువు పరిమాణానికి సంబంధించింది కాదు. అది లోకానుభవం అనే హద్దుకు సంబంధించింది. హద్దు ఎక్కడ ఉందో తెలియకుండా దాన్ని దాటినదేదో చెప్పలేము.

పాఠశాల నిర్వచనానికి వచ్చేసరికి ఈ “లోక” శబ్దం జారిపోయింది. “ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం” అన్న సరళ వాక్యం మిగిలింది. సరళీకరణలో ఏదో ఒకటి పోవడం సహజమే. ఇక్కడ పోయినది మాత్రం నిర్వచనానికి ఆయువుపట్టు. “ఉన్నది” ఎంతో ఎవరు నిర్ణయించాలి? ఏడాదికి రెండు పంటలు చూసే కాలువ కింది రైతుకు ఉన్నదీ, సకాలంలో ఒక్క పదును వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట రైతుకు ఉన్నదీ ఒకటి కాదు. శాస్త్రం లోకసీమ అన్నప్పుడు సర్వలోకాలకూ ఒకే గీత గీసిందని భావించనవసరం లేదు. కావ్యంలో దేశకాలాలకు విరుద్ధమైన వర్ణన దోషమని చెప్పిన శాస్త్రమే ఇది. దేశాన్ని బట్టి సత్యాసత్య వివేచన మారుతుందన్న స్పృహ దోషప్రకరణంలో ఉన్నప్పుడు, అలంకార ప్రకరణంలోనూ దాన్ని పాటించడం శాస్త్రసమ్మతమే అవుతుంది.

ఈ సందర్భంలో ఒక ప్రాంతీయ విశేషాన్ని గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు. అలంకారాధ్యయనంలో తరతరాలుగా తొలి మెట్టుగా ఉన్న “కువలయానందం” వేంకటపతి ఆదేశంతో రచించినదని అప్పయ్య దీక్షితులు గ్రంథాంతంలో పేర్కొన్నాడు. ఆ వేంకటపతి పెనుకొండ నుంచి పాలించిన ఆరవీటి రాజేనని పండితులు సాధారణంగా గుర్తిస్తారు. నూటికి పైగా అలంకారాలను విభజించి చూపిన ఆ గ్రంథానికి ఈ కరువు పీఠభూమితో ఇంత సమీప సంబంధం ఉండగా, ఈ నేల మాటలను ఆ గ్రంథపు వెలుగులో చదివే ప్రయత్నం అంత అసహజమైనది కాదు.

గుమ్మఘట్ట లోకం

గుమ్మఘట్ట మండలం రాయదుర్గం ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాల ఫలం కూడా అంతంతమాత్రమే. మండలంలోని భైరవానితిప్ప దగ్గర వేదవతి నదిపై జలాశయం ఉంది. ఈ నదిని ఇక్కడివారు హగరి అంటారు. ఎగువన చిత్రదుర్గం జిల్లాలో ఇదే నదిపై 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఉంది. అందువల్ల జలాశయం ఉండడం వేరు, అందులో జలం ఉండడం వేరు. ఇదే నది దిగువన కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలుగా పేరుకుంటుంది.

ఈ పరిచయం భూగోళ పాఠం కోసం కాదు. “నీళ్ళు లేని ఏరు” అన్న మాటను పరిశీలిద్దాం. ఏరు అంటేనే ప్రవాహం కనుక, నీళ్ళు లేకపోవడం దానికి విరుద్ధం. లక్షణగ్రంథం ప్రకారం పైకి విరోధం కనిపించి, ఆలోచిస్తే పరిహారమయ్యేది విరోధాభాస. సాధారణంగా ఆ పరిహారం శ్లేష ద్వారా జరుగుతుంది. శబ్దానికి రెండో అర్థం తెలియగానే విరోధం తొలగుతుంది. గుమ్మఘట్టలో ఆ మాటలో విరోధమే తోచదు. ఇక్కడ “ఏరు” అన్న మాట వినగానే మనసులో మెదిలేది ఇసుక. “ఏట్లో నీళ్ళొచ్చినాయి” అన్నది వార్త, వింత, పదిమందీ వెళ్ళి చూసివచ్చే సంగతి. కోస్తా పాఠకుడికి విరోధాభాసగా కనిపించినది ఇక్కడ సాధారణ వాక్యం. అక్కడి సాధారణ వాక్యం ఇక్కడ అద్భుతం. శబ్దం ఒకటే, లోకసీమ వేరు.

దీనికంటే లోతైన ఉదాహరణ వేరుశనగ పొలం. వేరుశనగ పూత నేలపైన పూసినా కాయ నేలలోపలే పడుతుంది. పూత తరువాత ఊడలు మట్టిలోకి దిగాలి. ఆ సమయంలో నేలలో పదును లేకపోతే ఊడ దిగదు, దిగినా గింజ నిండదు. వరుపు తరువాత ఆలస్యంగా వాన పడితే మొక్క మళ్ళీ పచ్చబడుతుంది. దారిన పోయేవారికి పొలం కళకళలాడుతూ కనిపిస్తుంది. పీకి చూస్తే వేళ్ళకు లొట్టకాయలు. దీన్ని “పచ్చని కరువు” అంటే పాఠ్యగ్రంథం దృష్టిలో అది విరోధాభాస. పచ్చదనానికీ కరువుకూ పొత్తు కుదరదు కదా! కానీ ఇక్కడ విరోధాన్ని పరిహరించేది శ్లేష కాదు, మొక్క స్వభావం. ఆ స్వభావం తెలియనివారు పొలం పచ్చగా ఉందని చూసి, రైతు చెప్పే కరువును అతిశయోక్తిగా కొట్టివేస్తారు. అలంకారాన్ని తప్పుగా గుర్తించడం పరీక్షలో ఒక మార్కుతో పోయే విషయం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఒక వాక్యం – రెండు సంబంధాలు

మొదటి ఉదాహరణకు తిరిగి వద్దాం. “మా పొలంలో బంగారం పండింది” అన్న వాక్యంలో పంట అనే విషయాన్ని బంగారం అనే విషయి మింగివేసింది. పంట పేరు ఎక్కడా రాలేదు. కనుక శాస్త్రపరిభాషలో ఇది కేవలం “ఎక్కువ చేసి చెప్పడం” కాదు, రూపకాతిశయోక్తి. ఇక్కడ పంటకూ బంగారానికీ ఉన్న సంబంధం సాదృశ్యం. రంగులోనో విలువలోనో రెండూ సమానమన్న భావన దీనికి మూలం. లక్షణాశక్తిని వివరించిన మమ్మటుడు సాదృశ్యం మీద ఆధారపడిన దాన్ని గౌణిగా, కార్యకారణాది ఇతర సంబంధాల మీద ఆధారపడిన దాన్ని శుద్ధగా విభజించాడు. నెయ్యి ఆయుష్షును పెంచుతుంది కనుక నెయ్యినే ఆయుష్షు అనడం శుద్ధలక్షణకు శాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. నెయ్యికీ ఆయుష్షుకూ పోలిక లేదు, కార్యకారణ సంబంధమే ఉంది.

వేరుశనగ సాగులో విత్తన ఖర్చే పెట్టుబడిలో పెద్ద వాటా. దానికోసం కుదువకు వెళ్ళిన నగ పంట చేతికి వస్తేనే విడిపించబడుతుంది. అటువంటి ఇంట్లో “ఈ ఏడు పొలంలో బంగారం పండింది” అంటే పంట బంగారంలా ఉందని అర్థం కాదు. పంట వల్ల బంగారం ఇంటికి వచ్చిందని అర్థం. పంట కారణం, నగ తిరిగిరావడం కార్యం. సాదృశ్యం తప్పుకొని కార్యకారణ సంబంధం ముందుకు వచ్చింది. కారణానికీ కార్యానికీ అభేదం చెప్పడాన్ని హేతు అలంకారంగా పరిగణించే సంప్రదాయం కువలయానందంలో కనిపిస్తుంది. ఆ దృష్టితో చూస్తే, ఒక్క అక్షరం కూడా మారకుండానే ఈ వాక్యం రూపకాతిశయోక్తి నుంచి హేతువుకు మారింది. మరో మెట్టు దిగి, నగ విడిపించిన రోజున ఆ ఇంటి ఇల్లాలు దాన్ని మెడలో వేసుకొని ఇదే మాట అంటే, అది దాదాపు స్వభావోక్తి.

కాబట్టి “ఇది ఏ అలంకారం?” అన్న ప్రశ్నకు ముందు “ఇందులో రెండు వస్తువులను కలిపిన సంబంధం ఏది?” అన్న ప్రశ్న వేయాలి. పోలికతో కలిసినవాటికీ జీవితంలో ఒకదానివల్ల ఒకటి నడిచేవాటికీ తేడా ఉంది. కరువు ప్రాంతపు వాడుకలో పోలికగా కనిపించే అనేక మాటలు నిజానికి కార్యకారణ సంబంధాలే.

కార్యం ముందు, కారణం తరువాత

కార్యకారణాల క్రమాన్ని తలకిందులు చేయడం అతిశయోక్తి భేదాల్లో ఒక ప్రధాన మార్గం. కారణమూ కార్యమూ ఏకకాలంలో సంభవించినట్టు చెబితే అక్రమాతిశయోక్తి. కారణం ప్రస్తావనకు రాగానే కార్యం జరిగిపోయినట్టు చెబితే చపలాతిశయోక్తి. కారణానికంటే కార్యమే ముందు జరిగినట్టు చెబితే అత్యంతాతిశయోక్తి. కావ్యాల్లో ఇవి ఎక్కువగా రాజుల పరాక్రమానికో, నాయికల విరహానికో వినియోగపడ్డాయి. బాణం వదలకముందే శత్రువు కూలడం వంటి వర్ణనలు పరిపాటి.

ఇవే ఆకారాలను మెట్టసేద్యపు మాటల్లోకి తెచ్చి చూద్దాం. “మబ్బూ మడకా ఒక్కసారే కదిలినాయి” అన్నది ఆకారంలో అక్రమాతిశయోక్తి. అయితే పదును ఎండిపోయేలోగా విత్తాలి. ముంగారు వానకు దొరికే వ్యవధి కొద్ది రోజులే. మబ్బు కనిపించగానే మడక సిద్ధం కావడం ఇక్కడి సేద్యవిధానం. “వాన మాట వినపడగానే ఇత్తనాల ధర లేచింది” అన్నది చపలాతిశయోక్తి ఆకారం. అంగడి ఎరిగినవారికి అందులో అతిశయం లేదు. “ఇత్తనం నేలలో పడకముందే పంట అంగడికి పోయింది” అన్నది అత్యంతాతిశయోక్తికి సరిపడే నిర్మాణం. విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చిన వ్యాపారికే రాబోయే దిగుబడిని అమ్మడానికి ఒప్పుకొన్న రైతు విషయంలో ఇది ఒప్పందపు సారాంశం తప్ప మరొకటి కాదు.

ఈ వాక్యాలను అతిశయోక్తులు కావని పూర్తిగా తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆకారం అతిశయోక్తిదే. కానీ రాజు పరాక్రమం విషయంలో కార్యకారణ విపర్యయం కవి కల్పన. ఇక్కడ విపర్యయం జీవన వ్యవస్థలోనే ఉంది. అప్పు అనేది భవిష్యత్తును ముందుగా ఖర్చుచేసే ఏర్పాటు కనుక, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పే వాక్యానికి అత్యంతాతిశయోక్తి ఆకారం సహజంగా వస్తుంది. వాక్యం లోకసీమను దాటలేదు. లోకమే తలకిందులుగా నిలిచింది.

సామెతలో ప్రస్తుతం ఏది?

సందర్భం అలంకారాన్ని నిర్ణయిస్తుందనడానికి తెలుగువారందరికీ తెలిసిన “వాన రాకడ, ప్రాణం పోకడ” అన్న సామెత మంచి ఉదాహరణ. రెండింటికీ ఎప్పుడో తెలియకపోవడం అనే ఒకే ధర్మం. ప్రస్తుతాలకు మాత్రమే గానీ, అప్రస్తుతాలకు మాత్రమే గానీ ఒకే ధర్మాన్ని చెబితే తుల్యయోగిత. ప్రస్తుతాప్రస్తుతాలు రెండింటికీ కలిపి చెబితే దీపకం. మరి ఈ సామెతలో ప్రస్తుతం ఏది?

విత్తనాలు సిద్ధం చేసుకొని అరుగు మీద కూర్చున్నవారు ఈ మాట అంటే ప్రస్తుతం వాన. ప్రాణం పోల్చిచెప్పడానికి వచ్చిన అప్రస్తుతం. కనుక దీపకం. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో పెద్దవారు ఇదే మాట అంటే ప్రస్తుతం ప్రాణం. అప్పుడూ దీపకమే, కానీ దీపం వెలుగు రెండో వైపు నుంచి పడుతుంది. ఇక వరుసగా వానలు తప్పి, అప్పుల భారంతో రైతు ప్రాణం తీసుకున్న ఇంటి ముందు ఈ మాట వచ్చిందనుకుందాం. అక్కడ వానా ప్రస్తుతమే, ప్రాణమూ ప్రస్తుతమే. దీపకం తుల్యయోగిత అయింది. అంతేకాదు, ఒకటి రాకపోవడమే రెండోది పోవడానికి కారణం కావడంతో సామెతలో లేని కార్యకారణ సంబంధం ధ్వనిస్తుంది. అక్కడున్నవారిలో ఎవరూ అలంకారం పేరు తలవరు. అయినా ఆ మాట ఎంత బరువైనదో అందరికీ తెలుస్తుంది. అలంకారశాస్త్రం చేయగల పని ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో చూపడమే.

కరువుల పేర్లలోనూ ఇటువంటి వ్యాపారమే ఉంది. 1876–78 నాటి మహాక్షామాన్ని సంవత్సరం పేరుతో ధాత కరువు అన్నారు. “ధాత” అంటే సృష్టించి పోషించేవాడు. పోషకుడి పేరున్న ఏడాది ఆకలికి పేరుగా మిగలడం ఎవరూ సంకల్పించని విరోధం. 1950ల తొలినాళ్ళలో గంజి కేంద్రాలు వెలిసిన కాలాన్ని గంజి కరువన్నారు. జబ్బుకు మందు పేరు పెట్టినట్టు, కరువుకు ఆకలి తీర్చిన గంజి పేరు నిలిచింది. సాదృశ్యం లేశమైనా లేని శుద్ధలక్షణకు ఇంతకంటే సహజమైన ఉదాహరణను వెతకనవసరం లేదు.

స్వభావోక్తి వార్త మాత్రమేనా?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. కరువు మాటలు ఉన్నదున్నట్టు చెప్పేవే అయితే వాటిలో అలంకారం ఎక్కడిది? దండి స్వభావోక్తిని ఆద్యమైన అలంకారంగా గౌరవించాడు. కానీ వస్తుస్వభావం అలంకరించదగిన శరీరమని, శరీరమే తనకు తాను ఆభరణం కాలేదని కుంతకుడు వాదించాడు. అంతకుముందే భామహుడు, సూర్యుడు అస్తమించాడు, పక్షులు గూళ్ళకు చేరుతున్నాయి వంటి మాటలు వార్త మాత్రమేనని, వాటిలో కావ్యత్వం లేదని అన్నాడు. ఈ వాదాన్ని అంగీకరిస్తే కరువు మాటలకు రెండే గతులు. అతిశయోక్తి అయితే అబద్ధం, స్వభావోక్తి అయితే వార్త.

ఈ చిక్కుకు మహిమభట్టు చూపిన దారి నాకు ఆమోదయోగ్యంగా తోస్తుంది. వస్తువుకు సామాన్య రూపం ఒకటి, విశేష రూపం ఒకటి ఉంటాయి. సామాన్య రూపం అందరికీ కనిపిస్తుంది. దాన్ని చెప్పడం వార్త. విశేష రూపం ప్రతిభకు మాత్రమే గోచరిస్తుంది. దాన్ని చెప్పడం స్వభావోక్తి. కరువు మండలాన్ని గుర్తించేటప్పుడు ప్రభుత్వ యంత్రాంగం వర్షపాతపు లోటును, వరుపు రోజులను, సాగైన విస్తీర్ణాన్ని లెక్కిస్తుంది. అది అవసరమైన పని. అది సామాన్య రూపం. “పిడికిట్లో మట్టి ఉండ కట్టలేదు, మడక ఇంటికి తోలుకొచ్చినాడు” అన్న వాక్యంలో ఒక్క అంకె లేదు, ఒక్క పోలిక లేదు. కానీ పదును చూడడానికి మట్టిని పిడికిట్లో పట్టి నొక్కిన చెయ్యి, ఆ చెయ్యి తెరిచినప్పుడు రాలిపోయిన మట్టి, వెనక్కి మళ్ళిన ఎద్దులు కనిపిస్తాయి. ఇది వార్త కాదు. చూడవలసిన చోట చూసిన చూపు ఇందులో ఉంది. గ్రీష్మ, వర్ష ఋతువుల వర్ణనలకు ప్రసిద్ధమైన “ఆముక్తమాల్యద” గొప్పతనాన్ని విమర్శకులు ఈ చూపులోనే గుర్తించారు. చక్రవర్తి కావ్యానికి ఇచ్చిన గౌరవాన్ని మెట్టరైతు వాక్యానికి నిరాకరించడానికి శాస్త్రంలో కారణమేదీ లేదు.

కరువు సాహిత్యం – రెండు ఆరోపణలు

రాయలసీమ కరువు సాహిత్యం మీద తరచుగా వినవచ్చే ఆరోపణలు రెండు: అది కష్టాన్ని పెంచి చూపుతుందని ఒకటి, వాస్తవాన్ని నివేదించడం తప్ప కళగా మారదని మరొకటి. ఒకే సాహిత్యం ఏకకాలంలో అతిశయమూ నివేదికా ఎలా కాగలదు? ఆరోపణల్లోని ఈ వైరుధ్యమే కొలమానం తప్పని చెబుతుంది. పైన చూసిన వివేచనను ముగ్గురు రచయితలు పెట్టిన పేర్లకు పరిమితమై అన్వయించి చూద్దాం.

అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం (1915–1987) “పెన్నేటి పాట” రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల కథ. విశేష్యపదమే సాభిప్రాయంగా ఉంటే దాన్ని పరికరాంకురం అంటారు. నీళ్ళు లేని నేల కథలో ఇల్లాలి పేరు గంగమ్మ కావడం ఆ దృష్టితో చదవదగినది. పల్లెల్లో ఎందరికో ఉండే పేరు కనుక అది సహజం. గంగ లేని చోట గంగమ్మ కనుక అది సాభిప్రాయం. ఒకే పేరు స్వభావోక్తీ పరికరాంకురమూ కాగలగడం ఈ నేల ఇచ్చిన అవకాశం.

సింగమనేని నారాయణ (1943–2021) కథాసంపుటికి పెట్టిన పేరు “జూదం”. మెట్టసేద్యం అనే విషయాన్ని జూదమనే విషయిలో లీనం చేసిన అధ్యవసాయంగా ఈ పేరును చదివితే, రూపకంలో లక్షణకారులు చెప్పిన ఆధిక్య, న్యూన భేదాలు జ్ఞాపకం వస్తాయి. జూదరికి ఆట మానుకొనే స్వేచ్ఛ ఉంది. రైతుకు ఆ స్వేచ్ఛ లేదు. జూదరి ఓడేది తన పందెం. రైతు ఓడేది పందెంతో పాటు తిండిగింజ. అంటే ఉపమానం ఉపమేయానికి సరిపోలేదు, తక్కువైంది. ఇక్కడ అలంకారం విషయాన్ని పెంచి చూపడం లేదు. చాలని ఉపమానాన్ని ముందు నిలిపి, ఆ చాలకపోవడం ద్వారా విషయాన్ని చూపుతోంది.

బండి నారాయణస్వామి “శప్తభూమి” పద్దెనిమిదో శతాబ్దపు సీమ జీవితాన్ని చిత్రించిన నవల. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. “శప్త” అన్న విశేషణం దుఃస్థితికి శాపాన్ని హేతువుగా సంభావిస్తుంది. కనుక ఇది హేతూత్ప్రేక్ష. ఈ అలంకారం విషయంలో పాఠకుడు జాగరూకుడై ఉండాలి. ఉత్ప్రేక్షలో సంభావన అని తెలిసే సంభావిస్తాం. ఆ స్పృహ జారిపోతే, శాపమే నిజమైన కారణమై, పాలన, భూమి పంపిణీ, చెరువుల నిర్లక్ష్యం వంటి మానుష కారణాలు మరుగున పడతాయి. మనుషుల చరిత్రను చెప్పే నవలకు శాపాన్ని సూచించే పేరు ఉండడంలోని వక్రత అక్కడే ఉంది. పేరును స్వభావోక్తిగా చదివినవారికి విధి కనిపిస్తుంది, ఉత్ప్రేక్షగా చదివినవారికి చరిత్ర కనిపిస్తుంది. స్వభావోక్తిని అతిశయమనుకోవడం ఎంత నష్టమో, ఉత్ప్రేక్షను స్వభావోక్తి అనుకోవడమూ అంతే నష్టం.

ఈ వాదనకు ఉన్న హద్దు

కరువు ప్రాంతం నుంచి వచ్చిన ప్రతి మాటా స్వభావోక్తే అనడం మరో రకమైన పొరపాటు. ఇక్కడివారు కూడా పెంచి చెబుతారు, ఎగతాళి చేస్తారు, నవ్వుతారు. “మా ఊరి మబ్బుకు మర్యాదెక్కువ, పొరుగూరికి పెట్టినాకే మాకు పెడుతుంది” అన్న వాక్యం స్పష్టంగా వ్యాజస్తుతి. స్తుతి రూపంలో నింద. దాన్ని వాస్తవకథనంగా చదివితే నవ్వు పోతుంది. కరువు మనుషులకు దైన్యం తప్ప చమత్కారం ఉండదనుకోవడం కూడా ఒక అగౌరవమే. అలాగే వాడివాడి అరిగిన పోలికలు ఈ ప్రాంత రచనల్లోనూ ఉన్నాయి. రైతును చాతకపక్షితో పోల్చడం అటువంటిది. చాతకం వాననీరే తాగుతుందన్నది కవిసమయం. పోలిక పుస్తకం నుంచి వచ్చిందే తప్ప పొలం నుంచి రాలేదు. నేల పేరు రచనకు దానంతటదే ప్రామాణ్యాన్ని ఇవ్వదు. విశేష రూపాన్ని చూసిన చూపు మాత్రమే ఇవ్వగలదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను క్రోడీకరిస్తే, అలంకార నిర్ణయానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఈ మాట ఎవరి లోకసీమను దాటుతున్నది? ఇందులోని వస్తువులను కలిపింది సాదృశ్యమా, కార్యకారణ సంబంధమా? పలికిన సందర్భంలో ప్రస్తుతం ఏది? ఈ మూడింటిలో ఏదీ శాస్త్రానికి కొత్త కాదు. భామహుడు, దండి చెప్పిన లోకం, మమ్మటుడు చెప్పిన లక్షణాభేదం, అప్పయ్య దీక్షితులు పాటించిన ప్రస్తుతాప్రస్తుత వివేకం ఇవే. బోధనలో సౌలభ్యం కోసం మనం వీటిని వదిలివేశాం. తరగతి గదిలో తిరిగి చేర్చుకోవడానికి పెద్ద ప్రయాస అవసరం లేదు. అతిశయోక్తి నిర్వచనంలో “లోకానుభవానికి మించి” అన్న మాటను నిలబెట్టి, “మీ ఊళ్ళో ఈ మాట ఎప్పుడు అంటారు?” అని విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

అప్పుడు గుమ్మఘట్ట విద్యార్థి “మా పొలంలో బంగారం పండింది” అన్న వాక్యం కింద ఒకే సమాధానం రాయకపోవచ్చు. నగ బ్యాంకులో ఉన్న ఏడు ఒక సమాధానం, ఇంటికి వచ్చిన ఏడు మరొక సమాధానం రాయవచ్చు. రెండింటికీ మార్కులు వేయగల పాండిత్యం దిద్దేవారికి ఉండాలి.